ఎందుకో కూడా రాయమనండి

సంపాదకులకు నమస్కారం.

ఆగస్టు 29 దగ్గరపడితే చాలు, మా విశాఖ చినవాల్తేరు పిల్లలు గిడుగు రామమూర్తి గారి మీద వ్యాసం బట్టీ పట్టడం మొదలుపెడతారు. తెలుగు భాషా దినోత్సవానికి బళ్ళల్లో పోటీలుంటాయి మరి. వ్యాసం నిండా ‘ఆంధ్రావనికి వెలుగుదివ్వె’, ‘చిరస్మరణీయులు’ లాంటి మాటలే. "ఇంతకీ ఆయన దేనికోసం పోట్లాడారురా?" అని ఏడో తరగతి కుర్రాణ్ణి అడిగాను. "అది నోట్సులో ఇవ్వలేదు మామ్మగారూ" అన్నాడు.

పిల్లలు తమకు వచ్చిన తెలుగులోనే చదువుకోవాలి, రాయాలి అని జీవితమంతా వాదించిన మనిషి గురించి, వాళ్ళు నోటితో ఎన్నడూ అనని తెలుగులో రాయిస్తున్నాం. అదీ ఈ ఊళ్ళో! ఆ రోజుల్లో ఆయన పక్షాన నిలిచినవాళ్ళలో మన ఏవీఎన్ కాలేజీ ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగారు ఒకరు. పైగా గిడుగు వారు ఊరికే ఆవేశపడలేదు. పాత శాసనాలు వెతికారు, గ్రాంథికమే రాయాలని పట్టుబట్టిన పండితుల రాతల్లోంచే తప్పులు ఏరి చూపించారు. 1913లో పెద్ద విజ్ఞాపన రాసి అచ్చు వేయించారు. వాదన ఎలా రాయాలో ఆయన్ని చూపించే నేర్పవచ్చు. మనం ఆయన పుట్టిన తేదీ నేర్పి ఊరుకుంటున్నాం.

నేను టీచర్ని కాను. ఒక ప్రభుత్వ కార్యాలయంలో హెడ్ క్లర్కుగా చేసి రిటైరయ్యాను. ఫైలు మీద నోటు పెట్టాలంటే సంగతేమిటి, ఇదివరకు ఏం జరిగింది, ఏ రూలు వర్తిస్తుంది, ఇప్పుడేం చెయ్యాలి, ఎందుకు, ఇవన్నీ ఒక పేజీలో రావాలి. ఆ ‘ఎందుకు’ లేకపోతే ఫైలు వెనక్కొచ్చేది. కొత్తగా చేరిన డిగ్రీ పిల్లలు ఈ ఒక్క పేజీ దగ్గరే చతికిలబడడం చూశాను. తెలివి లేక కాదు. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల్లో వాళ్ళచేత ఎవరూ అలాంటిది రాయించలేదు. ఆ వయసులోనేగా పిల్లలు ప్రతిదానికీ ఎదురు వాదించేది!

సాయంత్రాలు మా అరుగు మీద చదువుకోడానికి జాలరిపేట నుంచి కూడా పిల్లలొస్తారు. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతి, వాళ్ళ నాన్న ఫిషింగ్ హార్బర్‌లో బోటు మీద కళాసీ. చేపల వేట నిషేధం గురించి రాయమంటే, ‘మత్స్యసంపద మన దేశానికి వెన్నెముక వంటిది’ అని ఎత్తుకుంది. గైడులో అలాగే ఉందట. అది పక్కన పెట్టించి, సముద్రం చూడని మీ అరకు స్నేహితురాలికి చెప్పినట్టు రాయమన్నాను. అప్పుడు ఇలా రాసింది: ‘ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు ఇంజను బోట్లు వేటకెళ్ళకూడదు. అప్పుడు చేపలు గుడ్లు పెడతాయి. వాటిని పట్టేస్తే తర్వాత పెద్ద చేపలుండవు. తెప్పలకి ఈ రూలు లేదు. ఆ రెండు నెలలు నాన్న వలలు బాగుచేస్తాడు.’ ఇంతకంటే స్పష్టంగా నేనూ రాయలేను.

నిషేధం ఉండాలా వద్దా అన్న ప్రశ్నకి ఆమె జవాబు ఇంకా బాగుంది. ఉండాలంది, కానీ ఆ రోజులకి ప్రభుత్వం ఇచ్చే భృతి నిషేధం మొదలయ్యే రోజుకే చేతికందాలంది, బియ్యం కొట్టువాడు జూన్ దాకా ఆగడు కాబట్టి.

ఇంకోసారి బీచ్ రోడ్డు గురించి వాదన పెట్టాను. పొద్దున్న నడిచేవాళ్ళ కోసం వాహనాలు ఆపుతున్నారు కదా, ఆదివారం సాయంత్రాలు కూడా ఆపాలా? ఒకడు ఆపాలన్నాడు, పొగ తగ్గుతుందని. మొక్కజొన్న పొత్తులు అమ్మే ఆమె కొడుకు వద్దన్నాడు. దూరంగా బండి పెట్టి నడవలేని ముసలివాళ్ళు రారు, అమ్మ బేరం పోతుంది అన్నాడు. నేను పెట్టిన నియమం ఒకటే: ముందు అవతలివాడి వాదన, వాడు ‘ఔను, నేనన్నది ఇదే’ అనేలా రాయాలి. ఆ తర్వాతే సొంత జవాబు. ఆ సాయంత్రం జరిగిన గోలకి పక్కింటివాళ్ళు టీవీ ఆపేసి మరీ వచ్చారు.

టీచర్లని నేను తప్పుపట్టను. ఫొటోలు, హాజర్లు యాప్‌ల్లో ఎక్కించడానికే వాళ్ళ పొద్దు సరిపోతోంది. తప్పు ప్రశ్నాపత్రంలో ఉంది. ‘పర్యావరణ కాలుష్యం గురించి వ్యాసం రాయండి’ అని అడిగినన్నాళ్ళూ జవాబు గైడులోంచే వస్తుంది. ‘మీ వీధిలో మురుగు ఎక్కడ ఆగుతోంది? కారణం ఏమనుకుంటున్నారు? ఎలా తెలిసింది?’ అని అడిగితే ఏ గైడూ అక్కరకు రాదు. బళ్ళల్లో పెట్టే ఎఫ్ఏ, ఎస్ఏ పరీక్షల్లో ఇలాంటిది కనీసం ఒక్కటి ఉండాలని, అందులో మార్కులు చేతిరాతకీ నిడివికీ కాకుండా కారణానికీ ఆధారానికీ వెయ్యాలని విద్యాశాఖ వారిని కోరుతున్నాను. తెలుగుకే పరిమితం చెయ్యనక్కర్లేదు. సామాన్య శాస్త్రంలోనూ సాంఘికంలోనూ ‘ఎలా తెలిసింది’ అని అడగవచ్చు. ఇంగ్లీషు మీడియం వాళ్ళకి ఇంగ్లీషులోనే అడగండి, బట్టీ అక్కడ ఇంకా ఎక్కువ.

మీకూ ఒక మనవి. పిల్లల పేజీలో బొమ్మలు, పొడుపుకథలు వేస్తారు, సంతోషం. విశాఖ ఎడిషన్‌లో వారానికొకసారి ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలు రాసిన ఉత్తరం ఒకటి వెయ్యండి. నూటయాభై మాటలు దాటకూడదని, అందులో ఒక్క సంగతైనా కళ్ళారా చూసింది ఉండాలని షరతు పెట్టండి. పెద్దవాళ్ళు దిద్దినట్టు అనుమానమొస్తే మటుకు వెయ్యొద్దు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ హెడ్ క్లర్కు,
చినవాల్తేరు, విశాఖపట్నం