అన్ని కమడోర్ 64లూ ఒకటి కావు

సంపాదకులకు నమస్కారం.

తొలితరం గృహ కంప్యూటర్ల గురించి మీ పత్రిక ఇటీవల ప్రచురించిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. అందులో కమడోర్ 64 ప్రస్తావన వచ్చినచోట, 1982 నుంచి 1994 దాకా పై డొప్ప మారిందే తప్ప లోపలి యంత్రం మారలేదని రాశారు. ఈ మాట తరచూ వినిపించేదే గానీ, నిజం కాదు. ఆ పేరుతో అమ్ముడైన యంత్రాల్లో మదర్‌బోర్డు, శబ్దపు చిప్, వీడియో చిప్, రోమ్ అనే చెరగని మెమరీలో ఉండే ఫర్మ్‌వేర్ (యంత్రంతోపాటే వచ్చే మూల ప్రోగ్రాములు) ఒక్కొక్కటిగా మారుతూ వచ్చాయి. ఆ మార్పులు కొన్ని ప్రోగ్రాముల నడకను సైతం మార్చేంతటివి.

మార్పులకు ప్రధాన కారణం ఖర్చు తగ్గించుకోవడమే. 595 డాలర్లతో మొదలైన ధర వేగంగా పడిపోతుండగా, చిప్‌లు తయారుచేసే మాస్ టెక్నాలజీ 1976 నుంచే కమడోర్ చేతిలో ఉండటం వల్ల, తన చిప్‌లను తానే తిరిగి రూపొందించుకునే వీలు ఆ సంస్థకు కలిగింది. మొదట్లో ఎనిమిది చిప్‌లుగా ఉన్న 64 కిలోబైట్ల ర్యామ్ తర్వాతి బోర్డుల్లో రెండింటికి తగ్గింది. చివరికి బోర్డే పొట్టిదైంది.

ముందుగా ఫర్మ్‌వేర్ సంగతి. బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాషకు 8 కిలోబైట్లు, యంత్రాన్ని నడిపే మూల ప్రోగ్రామైన కెర్నల్‌కు 8, అక్షర రూపాలకు 4 చొప్పున రోమ్ మొత్తం 20 కిలోబైట్లు. బేసిక్ జోలికి ఎవరూ పోలేదు. కెర్నల్ మాత్రం 901227 అన్న సంఖ్యతో 01, 02, 03 అని మూడు రూపాల్లో వచ్చింది. వీటి మధ్య తేడా తెర తుడిచే పద్ధతిలోనే స్పష్టంగా బయటపడుతుంది. ఈ యంత్రంలో తెరమీది అక్షరాల సంకేతాలు 1024 చిరునామా నుంచి, వాటి రంగులు 55296 నుంచి విడివిడిగా ఉంటాయి. తెర తుడిచినప్పుడు మొదటి కెర్నల్ రంగుల భాగాన్ని తెలుపుతో నింపేది. రెండోది తెర నేపథ్యపు రంగుతో నింపింది. మూడోది అప్పటికి అమల్లో ఉన్న అక్షరాల రంగును వాడింది. కాబట్టి రంగు సంగతి పట్టించుకోకుండా మెమరీలోకి నేరుగా విలువను రాసే పోక్ ఆదేశంతో 1024లో ఒక అక్షరాన్ని మాత్రమే రాసే ప్రోగ్రాము, మొదటి కెర్నల్ ఉన్న యంత్రంలో తెల్లని అక్షరాన్నీ, మూడోదానిలో మామూలు రంగు అక్షరాన్నీ చూపిస్తుంది. రెండోదానిలో అక్షరం అక్కడే ఉంటుంది గానీ నేపథ్యంలో కలిసిపోయి కంటికి కనిపించదు. ఇది తెలిసిన ప్రోగ్రామర్లు రెండు చోట్లా రాసేవారు. తెలియనివారు తమ ప్రోగ్రాములో లేని తప్పు కోసం వెతుక్కునేవారు.

ఏ కెర్నల్ ఉందో తెలుసుకోవడానికి యంత్రాన్ని విప్పనక్కర లేదు. పీక్ ఆదేశంతో 65408 చిరునామాను చదివితే మొదటిది 170 అనీ, రెండోది 0 అనీ, మూడోది 3 అనీ జవాబిస్తుంది. టేపు రికార్డరుకు చోటు లేక డిస్కు మీదే ఆధారపడే, మోసుకెళ్లగల రూపమైన ఎస్‌ఎక్స్-64 అయితే 67 వస్తుంది. ఒక్క వరుస టైపు చేస్తే తేలిపోయే ఈ విషయాన్ని పాత కంప్యూటర్ల మీద రాసేవారు ఎందుకు పరీక్షించరో నాకు అర్థం కాదు.

వినేవారికి అన్నిటికంటే ఎక్కువగా తెలిసే తేడా శబ్దపు చిప్‌ది. బాబ్ యానిస్ రూపొందించిన సిడ్ చిప్ మొదటి రూపం 6581 పన్నెండు వోల్టులతో పనిచేస్తుంది, తర్వాతి 8580 తొమ్మిదితో. అందువల్ల ఒకదాని స్థానంలో మరొకదాన్ని ఊరికే గుచ్చకూడదు. 6581 లోపలి నిర్మాణం కారణంగా దాని అవుట్‌పుట్‌లో కొంత ఏకముఖ వోల్టేజీ ఎప్పుడూ మిగిలి ఉండేది. శబ్ద స్థాయిని నిర్ణయించే నాలుగు బిట్ల వాల్యూమ్ రిజిస్టరును అతివేగంగా మారిస్తే ఆ వోల్టేజీ ఎగిసిపడుతూ చిప్‌కున్న మూడు స్వరాలకు తోడు ఒక రకమైన నాలుగో స్వరంగా వినిపిస్తుందని ప్రోగ్రామర్లు కనిపెట్టి, మాటలనూ డ్రమ్ము దెబ్బలనూ ఆ దారినే పలికించారు. 8580లో ఇంజనీర్లు ఆ లోపాన్ని దాదాపుగా సరిదిద్దడంతో అవే మాటలు, అవే దెబ్బలు వినీ వినపడనంతగా తగ్గిపోయాయి. శబ్దపు స్వభావాన్ని మలిచే ఫిల్టరు విషయంలోనైతే రెండు 6581లు కూడా ఒకే తీరుగా పలకవు. ఏది అసలైన సిడ్ అన్న వాదన నాకు నిష్ప్రయోజనంగా తోస్తుంది; ఒక బాణీని కట్టినవారు ఏ చిప్ మీద విని కట్టారన్నదే అడగవలసిన ప్రశ్న.

వీడియో చిప్ కథ దేశాల టీవీ పద్ధతులతో ముడిపడింది. అమెరికా యంత్రాల్లో మొదట వచ్చిన 6567 రూపం తెరపై గీతకు 64 సైకిళ్ల (ప్రాసెసరు గడియారపు టిక్కుల) చొప్పున 262 గీతలు గీసేది. తర్వాతిది 65 చొప్పున 263 గీస్తుంది. ఐరోపాలోని పాల్ టీవీ పద్ధతి యంత్రాలకు ఆ లెక్క 63, 312. సైకిళ్లు లెక్కపెట్టి రాసిన ప్రోగ్రాములు ఒకచోటి నుంచి మరొకచోటికి వెళితే తడబడతాయి. సెకనుకు 50 తెరలకు కట్టిన సంగీతం 60 తెరల యంత్రంలో పరుగెడుతుంది. తొలి వీడియో చిప్‌లలో పదహారు రంగులకు ఐదు వెలుగు స్థాయిలే ఉండేవి, తర్వాత తొమ్మిదయ్యాయి.

ఇక పై డొప్ప మాటకు వస్తే, అది నమ్మదగిన గుర్తే కాదు. 1986లో వచ్చిన సన్నని 64సీ నమూనా డొప్పలో కొంతకాలం పాత పొడవు బోర్డులే, పాత 6581తో సహా వచ్చాయి. మరోవైపు జర్మనీలో అమ్మిన 64జీ నమూనా పాత గుండ్రని ఆకారంలోనే ఉన్నా, దాని లోపల ఉన్నది కొత్త పొట్టి బోర్డు. మీ వ్యాసం చివర సూచించినట్టు డొప్పను బట్టి తయారైన కాలాన్ని ఊహించే పాఠకుడు ఈ రెండు సందర్భాల్లోనూ పొరబడతాడు. పాత యంత్రాన్ని నేటి కంప్యూటర్లో అనుకరించే వైస్ వంటి ఎమ్యులేటర్లలో సిడ్, వీడియో చిప్, కెర్నల్ రూపాలను వేర్వేరుగా ఎంచుకునే వీలు కల్పించింది ఇందుకే.

కాబట్టి ఆ వాక్యానికి సవరణ ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. ఇకముందు ఇలాంటి యంత్రాల ఫొటోలు వేసినప్పుడు, యజమానిని అడిగి బోర్డు సంఖ్య, కెర్నల్ సంఖ్య, సిడ్ రకం, టీవీ పద్ధతి అన్న నాలుగు వివరాలను కింది వ్యాఖ్యలో చేర్చగలరు. అందుకు ఒక్క వరుస చోటు చాలు.

భవదీయుడు,
ఒక పాఠకుడు