బామ్మర్ది బోరు గురించి

ఒరేయ్ శీనూ,

ఫోను మధ్యలోనే కట్ అయింది కదా, మిగతాది రాస్తేనే మేలనిపించింది. ఓసీ (పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్ట్ బొగ్గు గని) పక్కనున్న చేన్లో బోరు వేస్తానని మీ బామ్మర్ది పట్టుబడుతున్నాడని, పాయింటు చూసేవాడు కొబ్బరికాయ పట్టుకొని తిరిగి మూడు వందల అడుగులన్నాడని చెప్పావు. బోరు బండికి అడ్వాన్సు ఇచ్చే ముందు ఇది చదివి వినిపించు.

కరీంనగర్ వైపు ఊళ్లలో బోరు ఫెయిలైతే ఒట్టి దుమ్మే లేస్తుంది. కింద గ్రానైటు, పగులు తగిలితేనే నీళ్లు. గోదావరి పక్కకొస్తే అట్లా కాదు. రామగుండం, మంచిర్యాల, భూపాలపల్లి, మణుగూరు, ఈ పట్టీ అంతా ఇసుకరాయి. దాదాపు 25 నుంచి 30 కోట్ల ఏళ్ల కింద నదులు మోసుకొచ్చిన ఇసుక పొరల మధ్యే మన బొగ్గు ఏర్పడింది. ఆ రేణువుల సందుల్లోనే నీళ్లుంటాయి. బొగ్గు పొరల మధ్యనున్న బరాకర్ ఇసుకరాయిలో ఉన్నాయి, దానికన్నా పైన ఉండే కామ్టీ ఇసుకరాయిలో ఇంకా బాగా ఉన్నాయి. అంటే బొగ్గు తీయాలంటే నీళ్లు తోడక తప్పదు. నా బాధంతా ఇదేరా. గని లెక్కల్లో అవి అడ్డొచ్చే నీళ్లు, ఊరికేమో తాగే నీళ్లు.

చిన్నప్పుడు గోదాట్లో చెలిమె తవ్వితే చుట్టూ ఇసుకలోని నీళ్లన్నీ దాంట్లోకి ఊరేవి కదా, ఓసీ కూడా అంతే, కాకపోతే వందల అడుగుల లోతు. రాత్రీ పగలూ మోటార్లు నడుస్తుంటే చుట్టూ నీటి మట్టం గని వైపు వాలిపోతుంది. దగ్గరి బావులు ముందు ఎండుతాయి, దూరం పోయేకొద్దీ దెబ్బ తగ్గుతుంది. ఎంత దూరమన్నది రాయిని బట్టి ఉంటుంది. మధ్యలో గట్టి బంకరాయి పొర అడ్డముంటే పైనున్న చేదబావి బాగానే ఉండి, లోతు బోరే ఒట్టిపోవచ్చు. ఫాల్టు, అంటే రాతి పొరలు విరిగి పక్కకు జరిగిన చోటు, అడ్డం పడితే ఇవతలి చేను ఎండి అవతలిది పారొచ్చు. అందుకే పక్కోడికి నీళ్లు పడ్డాయన్న ధీమా అక్కడ పనికిరాదు.

భూగర్భ గనుల్లో ఇంకో చిక్కుంది. బొగ్గు తీశాక పైకప్పు కూలనిస్తే పగుళ్లు పైకి పాకి, పై పొరల నీళ్లు లోపలికి దిగుతాయి. ఇసుక నింపితే అది చాలావరకు ఆగుతుంది.

మణుగూరు దగ్గర పగిడేరు సంగతి విన్నావా? బొగ్గు కోసం వేసిన బోర్లోంచి వేడినీళ్లు వాటంతటవే పైకి తన్నుకొచ్చాయి. మీవాడి చేనుకు దీంతో పని లేదు కానీ, రెండు గట్టి పొరల మధ్య ఇరుక్కున్న నీటికి ఎంత ఒత్తిడి ఉంటుందో తెలియాలని చెప్పా.

నీళ్లు పడ్డా నేరుగా తాగొద్దు. మన బొగ్గులో గంధకం తక్కువ కాబట్టి మేఘాలయ గనుల దగ్గరలా నీళ్లు ఆమ్లంగా మారడం అరుదు. కానీ గట్టినీళ్లు, ఉప్పులు ఎక్కువుండొచ్చు. కరిగిన ఉప్పులు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపుంటే మంచిది, వేరే దిక్కు లేకపోతే 2000 దాకా ఒప్పుకుంటారు. ల్యాబులో చూపించి తాగమను.

ఇప్పుడు అసలు పని. చుట్టుపక్కల బావుల్లో మే నెలలో నీళ్లెంత లోతున్నాయో, వానాకాలం పోయాక ఎంతున్నాయో కనుక్కోమను. వానలు బాగా పడ్డ ఏడు కూడా మట్టం కోలుకోకపోతే ఆ తేడా గని మోటార్ల వల్ల కావొచ్చు. జిల్లా భూగర్భ జల శాఖ వాళ్ల దగ్గర పరిశీలన బావుల లెక్కలుంటాయి, అడగమను. గని తన కొలతబావుల లెక్కల్ని నెలనెలా పంచాయతీ బోర్డు మీద పెట్టాలని నేను గట్టిగా నమ్ముతా. తోడిపోసే నీళ్లు వాగులో కలిసే బదులు కాలువ గుండా ఊరి చెరువులోకి రావాలి. బోరు మీద అప్పు చేసేకన్నా ఊరంతా కలిసి ఆ కాలువ అడగడమే మీవాడికి లాభం. గని మూసి మోటార్లు ఆపితే మట్టం మెల్లగా లేస్తుంది, కానీ దానికి ఏళ్లు పడుతుంది. అప్పటిదాకా పంట ఆగదు కదరా.

చేను ఓసీ అంచుకు ఎంత దూరమో, ఏ దిక్కునుందో ఫోటో తీసి పంపు. బండివాడిని అప్పటిదాకా ఆపు. చెల్లెను, పిల్లలను అడిగానని చెప్పు.

నీ
రాజేశం