నాలుగు మాటలే రాయండి, కానీ చదివి రాయండి

సంపాదకుడు గారికి,

ఆదివారం పేపరు రాగానే నేను ముందు పుస్తకాల పేజీ తీస్తాను. అడుగున ‘అందిన పుస్తకాలు’ అని ఒక బాక్సు ఉంటుంది. పేరు, పేజీలు, వెల, ఫోన్ నంబరు, అంతే. సొంత డబ్బుతో అచ్చేయించుకున్నవాళ్ల నవలలూ, ఆత్మకథలూ చాలావరకు అక్కడే ఆగిపోతున్నాయి.

జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవంలో ఒక రిటైర్డ్ లైన్‌మన్ తన పుస్తకం తానే అమ్ముకుంటుంటే కొన్నాను. వెల 150. మూడు వందల కాపీలు వేయిస్తే సగం ఇంకా మంచం కిందే ఉన్నాయట. 1977 నవంబరు 19 ఉప్పెన తర్వాత దివిసీమలో కరెంటు స్తంభాలు మళ్లీ నిలబెట్టినవాళ్లలో ఆయనొకరు. గొయ్యి తవ్వితే ఉప్పునీళ్లు ఊరడం, మధ్యాహ్నం కూలీలు అన్నం మూటలు విప్పి, వాసనకి తినలేక మళ్లీ కట్టేయడం రాశారు. ఆ వాసన దేనిదో రాయలేదు. రాయక్కర్లేదు కూడా.

అలాగని పుస్తకమంతా ఇలా లేదు. మొదటి నలభై పేజీలు వంశవృక్షం. ముందుమాటలు నాలుగు. శాలువా ఫోటోలు నేను లెక్కపెట్టలేదు. ‘తుపాను’ అన్న మాటే మూడు రకాలుగా అచ్చయింది. ఇవన్నీ చెప్పే సమీక్ష కావాలి. ‘నలభై ఒకటో పేజీ నుంచి చదవండి’ అని ఒక్క ముక్క రాసినా నాలాంటివాడు కొంటాడు.

ఇప్పుడొస్తున్న కొద్దిపాటి సమీక్షలేమో మొహమాటానివి. ఆవిష్కరణ సభలో మాట్లాడినాయనే వారం తిరక్కుండా సమీక్ష రాస్తాడు. ముందుమాటలోని పేరా మక్కీకి మక్కీ అందులో దిగుతుంది. నేను శాఖా గ్రంథాలయంలో ముప్ఫై ఏళ్లు పనిచేశాను. మంచి సమీక్ష కత్తిరించి నోటీసు బోర్డుకి అంటిస్తే ఆ వారం ఇద్దరు ముగ్గురైనా ఆ పుస్తకం అడిగేవారు. పొగడ్త అంటిస్తే ఎవరూ అడిగేవారు కాదు. 1991లో ఆగిపోయిన ‘భారతి’ సాహిత్య మాసపత్రిక పాత సంచికలు మా బీరువాలో ఉండేవి. పేరులేని రచయితల పుస్తకాలకీ అందులో నాలుగు మాటలు దక్కేవి, ఒక్కోసారి ఘాటుగానే.

వారానికి రెండు పుస్తకాలకు యాభై మాటల చొప్పున చోటివ్వండి. రచయితతో పరిచయం ఉంటే ఆ సంగతి కిందే వేయండి. రాసినవాళ్లకి ఎంతోకొంత పారితోషికం ఇవ్వండి. ‘పుస్తకం ఉంచేసుకోండి, అదే పారితోషికం’ అంటే పొగడ్తే వస్తుంది మరి.

సమీక్షకు రెండు ప్రతులు పంపాలని మీరే నియమం పెట్టారు. పుస్తకాలు తక్కువ ఖర్చుతో పంపుకునే రిజిస్టర్డ్ బుక్ పోస్టు 2024 డిసెంబరులో ఎత్తేశారు కాబట్టి, లైన్‌మన్ గారు కొరియర్‌కి డబ్బులు పెట్టుకుని మీకూ పంపారు. కిందటి నెల మీ బాక్సులో ఆయన పుస్తకం వచ్చింది. ఫోన్ నంబరులో ఒక అంకె తప్పు.

– ఒక రిటైర్డ్ గ్రంథపాలకుడు, తెనాలి