ప్రభావం స్వల్పమట, దేనితో పోలిస్తే?

సంపాదకులు గారికి, నమస్కారం.

పాత షాపింగ్ సముదాయాన్ని పడగొట్టి కొత్తది కడతామనగానే ఎన్ని అంతస్తులు, ఎన్ని షాపులు, పార్కింగ్ సరిపోతుందా అన్న చర్చే నడుస్తుంది. అనుమతి కోసం పెట్టే పర్యావరణ ప్రభావ మదింపు నివేదికను చదివేవాళ్లు తక్కువ. చదివినవాళ్లు కూడా చివర్లో ఉండే 'ప్రభావం స్వల్పం' అన్న ముక్క చూసి పక్కన పెట్టేస్తారు. అసలు చదవాల్సింది ముందు పేజీలు. దేనితో పోల్చి స్వల్పం అంటున్నారో అక్కడే బయటపడుతుంది.

ప్రభావం అంటే ఇప్పుడున్న పరిస్థితికీ, కట్టాక రాబోయే పరిస్థితికీ మధ్య తేడా. కాకిలెక్కలు మొదలయ్యేది ఈ 'ఇప్పుడున్న పరిస్థితి' దగ్గరే. సగం షట్టర్లు ఏళ్ల తరబడి దించేసి ఉన్న మాల్‌నే తీసుకుందాం. ఇవాళ దానికి వచ్చే బండ్లు కొద్దే. నివేదికలో మాత్రం షాపులన్నీ నిండుగా నడిస్తే ఎన్ని రావచ్చో ఆ అంకె వేస్తారు. కొత్త భవనానికి వచ్చే బండ్లలోంచి దాన్ని తీసేస్తే మిగిలేది నామమాత్రం. అంటే, లేని రద్దీని ఉన్నట్టు చూపి, రాబోయే రద్దీని మాయం చేస్తారన్నమాట.

ఇలాంటి పేచీ కోర్టుదాకా వెళ్లిన సందర్భం ఉంది. కాలిఫోర్నియా సుప్రీంకోర్టు ముందుకు ఒక చమురు శుద్ధి కర్మాగారం కేసు వచ్చింది. పాత అనుమతుల ప్రకారం బాయిలర్లను గరిష్ఠంగా ఎంత నడపొచ్చో, దాన్నే ప్రస్తుత పరిస్థితిగా అధికారులు లెక్కగట్టారు. అలా కుదరదు, అవి వాస్తవంగా ఎంత నడుస్తున్నాయో చూడాలని 2010లో కోర్టు చెప్పింది. అది అక్కడి చట్టమే కావచ్చు, తర్కం మాత్రం ఎక్కడైనా ఒకటే. బాయిలర్‌కు వర్తించిన మాట ఖాళీ మాల్‌కు ఎందుకు వర్తించదు?

బండ్లు లెక్కపెట్టే వేళ సంగతీ చూడాలి. జనం షాపింగ్‌కు ఎగబడేది సెలవురోజు సాయంత్రాలు. సర్వే మాత్రం మామూలు రోజు పొద్దున ఆఫీసుల టైమ్‌లో చేసి సరిపెడితే ఆ అంకెలు దేనికి పనికొస్తాయి? దారిన పోతూ ఆగే బండిని కొత్త బండిగా లెక్కించకూడదన్న వాదన న్యాయమైనదే. కానీ లోపలికి తిరిగే మలుపు దగ్గర రోడ్డును ఆపేది అదీ ఇదీ కలిసే కదా.

వర్షపు నీటి దగ్గరకు వచ్చేసరికి ప్లేటు ఫిరాయిస్తారు. ట్రాఫిక్‌కు నిండు మాల్ కావాల్సివచ్చినవాళ్లకు ఇక్కడ మాత్రం ఈనాటి స్థలమే ముద్దు. ఇప్పటికే అంతా తారు, కాంక్రీటు. కాబట్టి కొత్తగా పోయేదేమీ లేదంటారు. లెక్కగా చూస్తే తప్పు పట్టలేం. కానీ ఒక హెక్టారు పార్కింగ్ మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే అది లక్ష లీటర్లు. ఇంకే చోటు లేక ఆ నీళ్లు బండ్ల కింద కారిన ఆయిల్‌ను, టైర్లు అరిగి రాలిన జింక్‌ను, బ్రేకుల నుంచి వచ్చే రాగి రజనును ఊడ్చుకుంటూ కాలువలోకి పోతాయి. కట్టడం పూర్తిగా తీసేసినప్పుడైనా దీన్ని సరిచేయకపోతే మళ్లీ ఓ తరం దాకా ఎవరూ ముట్టుకోరు.

నేల కింద ఏముందో అన్నది ఇంకా ముఖ్యం. పాత సముదాయంలో ఒకప్పుడు డ్రైక్లీనింగ్ షాపు ఉండి ఉండొచ్చు. ఆ పనిలో వాడే విష రసాయనం పెర్‌క్లోరోఇథిలీన్ ఒలికితే కాంక్రీటును కూడా దాటి మట్టిలోకి, భూగర్భ జలాల్లోకి దిగుతుంది. షాపు మూసేసిన ఎన్నో ఏళ్లకు ఆవిరిగా పైకొచ్చి భవనం లోపలి గాలిలో కలుస్తుంది. కొత్త ప్లాన్‌లో అక్కడే ఫ్లాట్లో, పిల్లల డేకేరో వస్తుంటే, గతంలో ఏ షాపు ఎక్కడ ఉండేదో చూడకుండా మట్టి పరీక్షలు చేసి లాభమేంటి? పెట్రోలు బంకుల పాతిపెట్టిన ట్యాంకులదీ ఇదే కథ. కూల్చక ముందే ఆస్‌బెస్టాస్‌ను గుర్తించి తీయించాలి. పాత ఏసీల్లోని ఆర్-22 వాయువును గాలిలోకి వదలకూడదు. భూమిని వేడెక్కించడంలో అది కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 1,800 రెట్లు ఎక్కువ.

కూల్చకుండా బాగుచేస్తే ఏమవుతుందన్నదీ పోల్చి చూపాలి. 1970 జనవరి 1న అమెరికాలో సంతకమైన జాతీయ పర్యావరణ విధాన చట్టంలోనే ప్రత్యామ్నాయాలు చూపాలన్న నియమం ఉంది. ఇప్పుడు ఆ అధ్యాయం చాలాచోట్ల మొక్కుబడి తంతు.

నేను పునర్నిర్మాణానికి వ్యతిరేకిని కాను. పచ్చని పొలంలో కొత్త మాల్ లేపడం కన్నా, కట్టిన చోటే మళ్లీ కట్టడం నయం. నేను కోరేది ఒకటే. ప్రస్తుత పరిస్థితిని చెప్పే అధ్యాయాన్ని విడిగా, ముందుగా ప్రజల ముందు పెట్టాలి. బండ్లు ఏ తేదీన, ఏ గంటల్లో లెక్కపెట్టారు, ఆ రోజు ఎన్ని షాపులు తెరిచి ఉన్నాయి, స్థలంలో ఇంతకుముందు ఏయే వ్యాపారాలు నడిచాయి అన్నవి అందులో ఉండాలి. వాటి మీద అభ్యంతరాలు విని, తేల్చాకే మిగతా నివేదికను స్వీకరించాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు