కలబంద కేసు కొట్టేశారు

ఒరేయ్,

తిట్టకు. నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది. తీరిక లేక కాదు, మొహం చెల్లక రాయలేదు. ముందు మామూలు కబుర్లు అవగొడతాను: అమ్మ మోకాలి నొప్పి తగ్గింది, ఆఫీసు అలాగే ఏడుస్తోంది, చిన్నదానికి ముందుపళ్లు రెండూ ఊడాయి.

ఇక బఠాణీలు. కలబందనే ఎండబెట్టినవాడివి, బఠాణీలేం పండిస్తావని పందెం కాశావుగా? చలి మొదలవగానే పెరట్లో మడి కట్టి 40 గింజలు పెట్టాను. అంగుళం లోతు, రెండంగుళాల ఎడం, స్కేలు పెట్టి మరీ. (నవ్వకు. నా స్కేలు సంగతి నీకు కొత్తేం కాదు.) పదో రోజుకి 31 మొలిచాయి. ఆ రాత్రే కాగితం తీసి "కలబంద కేసు కొట్టేశారు" అని నీకు మొదటి వాక్యం కూడా రాశాను.

తెల్లారి చూస్తే మడి బోడిగుండు! ఒక్క ఆకు లేదు. నేలకి సమంగా ఎవరో గిల్లేసినట్టు మొండి కాడలు. గోడ మీద లావుపాటి పావురం. నన్ను చూసి ఎగరను కూడా లేదు, మెడ ఇటోసారి అటోసారి తిప్పింది. అచ్చం మన "సంతకం" సారే!

కాగితం చింపేశాను. మడి తవ్వి ఇంకేదైనా వేద్దామంటే నడుం పట్టేసింది, వారం రోజులు వంగలేకపోయాను. ఆ నడుం నొప్పికి దణ్ణం పెట్టాలిరా!

ఎనిమిదో రోజు పార పట్టుకుని వెళ్లాను. ఎందుకనిపించిందో, ఒక మొండి పక్కన వేలితో మట్టి తీసి చూశాను. గింజ లోపలే ఉంది. తొక్క చిరిగింది, మెత్తబడింది, కానీ కుళ్లలేదు. దాని పక్కనుంచి, మట్టిలోనే, తెల్లగా గోరు చివరంత మొలక. ఇటుపక్క ఇంకోటి! పార అక్కడే పడేసి మోకాళ్ల మీద కూర్చుండిపోయాను.

తర్వాత చదివి తెలుసుకున్నాను. బొబ్బర్లయితే మొలిచేటప్పుడు పప్పుబద్దలు రెండింటినీ నేల పైకి మోసుకొస్తాయి. వాటి కింద తెగిందంటే ఇక అంతే. బఠాణీ గడుసుది. బద్దలు మట్టిలోనే దాచుకుని కొసని మాత్రం పైకి పంపుతుంది. కొస పోతే, కింది కణుపుల్లో నిద్రపోతున్న మొగ్గలు బద్దల్లో మిగిలిన సత్తువతో లేస్తాయి. 31లో 26 లేచాయిరా, చాలావాటికి రెండేసి కొమ్మలతో! ఈసారి ముందే వల కప్పాను. జన్యుశాస్త్రానికి పునాది వేసిన సన్యాసి మెండెల్ తన మఠం తోటలో 1856 నుంచి 1863 దాకా సుమారు 28,000 బఠాణీ మొక్కలు పెంచాడట. ఆ మఠంలో పావురాల్లేవేమో.

మధ్యలో ఇంకో తెలివితక్కువ పని. పాకడానికని బొటనవేలంత లావు కర్రలు పాతాను. నులితీగలు వాటిని తాకి, చుట్టు తిరగలేక జారిపోయి, ఒకదాన్నొకటి పట్టుకుని మొత్తం ఒక ముద్దయి పడిపోయాయి. వాటికి కావాల్సింది సన్నటి ఆధారం. పురికొస కట్టి ఒక నులితీగని ఆనించాను. పొద్దున ఆనిస్తే సాయంత్రానికి రెండు చుట్లు! ఇంట్లోవాళ్లు నన్ను పిలవడం మానేశారు.

పీకేసిన ఒక నీరసపు మొక్క వేళ్లకి ఆవగింజల్లాంటి బుడిపెలున్నాయి. గోటితో చిదిమితే లోపల గులాబీ రంగు. అంటే గాలిలోని నత్రజనిని పట్టే బ్యాక్టీరియా పనిలో ఉందన్నమాట. అందుకే యూరియా వెయ్యలేదు. వేస్తే ఆకులు బలుస్తాయి గానీ కాయలు...

అసలు సంగతి చెప్పనేలేదు! నిన్న తెల్ల పువ్వు ఒకటి వాడి, దాని నడిమి నుంచి పిందె బయటికొచ్చింది. పల్చగా, బల్లపరుపుగా ఉంది. ఎండకి అడ్డంగా పట్టుకుంటే లోపల చుక్కలు వరసగా కనిపిస్తున్నాయి. ఏడు లెక్కపెట్టాను, చిన్నది ఎనిమిదంటోంది. ఇంకో మూడు వారాల్లో కోతకొస్తుంది. ఈలోగా ఎండలు ముదిరితే మిగతా పూత రాలిపోతుందని టెన్షన్‌గానే ఉంది. అన్నట్టు పందెంలో పచ్చి గింజలా, ఎండు గింజలా అని మనం తేల్చుకోలేదు కదా? నువ్వు మళ్లీ ఆ మెలిక పెట్టావంటే

ఉండు, గోడ మీద సంతకం సారు వాలారు. వల మూల ఎత్తే ఉంది, పరిగెత్తాలి.