బుడమేరు సరే, ఉప్పుటేరు మాటేమిటి?

ఎడిటర్ గారికి,

బుడమేరు వాగు గురించి పేపర్లో ఎప్పుడు చదివినా కథ విజయవాడలో మొదలై విజయవాడలోనే అయిపోతోంది. 2024 సెప్టెంబరులో గట్లకు గండ్లు పడటం, సింగ్ నగర్ మునగడం, జనం మేడల మీద రోజుల తరబడి ఉండిపోవడం, అవన్నీ రాయాల్సిందే, కాదనను. కానీ సింగ్ నగర్లో తగ్గిన నీళ్లు ఆవిరైపోలేదు కదా! నందివాడ మండలం ఊళ్లను ముంచుకుంటూ మా వైపు వచ్చాయి, కొల్లేరు సరస్సులోకి. అక్కడి నుంచి అవి సముద్రానికి పోవాల్సింది ఉప్పుటేరు గుండానే. టీవీ వాళ్లు కెమెరాలు సర్దుకుని వెళ్లిపోయాక మాకు మొదలవుతుంది. పెదఎడ్లగాడి వంతెన దగ్గర నీటిమట్టం రోజుకి కాస్త చొప్పున పెరుగుతూ పోతుంది, చినఎడ్లగాడి దగ్గర ఏలూరు–కైకలూరు రోడ్డు మీదకి నీళ్లు ఎక్కుతాయి, బస్సులు ఆగిపోతాయి, లంక ఊళ్లవాళ్లు పడవలు తీస్తారు. పైన చూస్తే ఎండ కాస్తూ ఉంటుంది, చుక్క వాన ఉండదు.

ఇప్పుడు బుడమేరును వెడల్పు చేస్తాం, గట్లు బలపరుస్తాం, కృష్ణలోకి మళ్లించే కాలువను పెంచుతాం అంటున్నారు. చేయండి, మంచిదే. అయితే ఆ మళ్లింపు కాలువ కృష్ణ నిండుగా ఉన్నరోజు పనికిరాదు. 2024లో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటి రికార్డు వరద వచ్చింది, అలాంటి రోజు కృష్ణే పొంగుతుంటే బుడమేరు నీళ్లు ఎక్కడ పడతాయి? మిగిలిన దారి కొల్లేరే. పైన కాలువ ఎంత బాగుచేస్తే కిందకి నీళ్లు అంత తొందరగా, అంత ఎక్కువగా వస్తాయి. ఈ మాట ఎవరూ బయటికి అనరు.

కొల్లేటికి బుడమేరు ఒక్కటే కాదు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు, ఇవి కాక డెల్టా డ్రెయిన్లు. వచ్చే దారులు ఇన్ని, పోయే దారి ఒక్క ఉప్పుటేరు. అది సుమారు 60 కిలోమీటర్లు మెలికలు తిరిగి సముద్రంలో కలవాలి. కొల్లేరు అభయారణ్యం హద్దుగా చెప్పే +5 కాంటూరు అంటే సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు, అంతే. ఆ కాస్త వాలుతో అంత దూరం నీరు నడవాలంటే ఏరు శుభ్రంగా ఉండాలి. ఉన్నదేమో పూడిక, గుర్రపుడెక్క, రెండు వైపులా ముందుకు జరిగిన చెరువు గట్లు, మొగ దగ్గర ఇసుక మేట. సముద్రం పోటు ఎక్కినప్పుడు నీరు కదలనే కదలదు.

చేపల చెరువుల సంగతి కూడా చెప్పాలి, మా దగ్గర ఎవరికీ ఇష్టం లేని విషయం అయినా సరే. వరి చేను నాలుగు రోజులు నీళ్లు పట్టుకుంటుంది, తర్వాత వదులుతుంది. చెరువు అలా కాదు, నిలువెత్తు గట్టు, వరద వస్తే ఇసుక బస్తాలు వేసి ఇంకా పెంచుతారు, చేప పోకుండా చుట్టూ వల కట్టి రాత్రంతా కాపలా. ఆ గట్టు ఆపిన నీళ్లు పక్కవాడి చేలోకి పోతాయి. రెండేళ్లు పంట మునిగాక ఆ పక్కవాడూ విసిగిపోయి లీజుకిచ్చి చెరువు తవ్విస్తాడు, ఇక మునిగేది అవతలివాడు. ఊళ్లకి ఊళ్లు ఇలాగే మారాయి, దురాశ అని ఒక్కమాటలో తేల్చేస్తే అన్యాయం. 1999లో 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యం అన్నారు, 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలగా రామ్‌సర్ గుర్తింపు వచ్చింది, 2005–06లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో చెరువుల గట్లు పేల్చారు. తర్వాత చాలాచోట్ల మళ్లీ తవ్వారు. 2008లో అభయారణ్యం హద్దును +3 కాంటూరుకి తగ్గించమని అసెంబ్లీ తీర్మానం చేసింది, కేంద్రం వేసిన అజీజ్ కమిటీ కుదరదంది. ఎన్నికలొస్తే మళ్లీ కాంటూరు మాటే, ఉప్పుటేరు మాట మాత్రం రాదు.

వానలు కూడా మునుపటిలా లేవు. నెల్లాళ్లు పడాల్సింది రెండు రోజుల్లో దంచేసి పోతోంది, ఆ తర్వాత వారాలకొద్దీ ఎండ. అందుకే వర్షాకాలంలో మునుగుతాం, వేసవిలో ఇదే ఉప్పుటేరు మాకు ఉప్పు పంపిస్తుంది. పైనుంచి మంచినీళ్లు రావడం తగ్గిపోతే పోటుతో పాటు సముద్రం లోపలికి ఎక్కి వస్తుంది. బోరు నీళ్లు నోట్లో పెట్టుకోలేం, కూలికి పోయేవాడు కూడా నీళ్ల టిన్ను కొనుక్కోవాలి. పైన డ్యాములు వచ్చాక డెల్టాకి ఒండ్రు బాగా తగ్గింది, సముద్రమేమో పెరుగుతోంది, కాబట్టి ఇది దానంతటది సర్దుకునేది కాదు.

అందుకే ఉప్పుటేరులో ఊరికే పూడిక తీస్తే కూడా చాలదు, లోతు చేసిన కొద్దీ ఉప్పు ఇంకా పైకి వస్తుంది. సముద్రం వెనక్కి తగ్గే పాటు సమయంలో తెరిచి, పోటు సమయంలో మూసే రెగ్యులేటర్లు, అంటే గేట్లున్న అడ్డుకట్టలు కావాలి. ఆ ప్రతిపాదనలు ఏళ్ల తరబడి వింటూనే ఉన్నాం. రెగ్యులేటర్లు, పూడికతీత, ఏటి మీదకొచ్చిన గట్ల తొలగింపు మూడూ కలిపి చేయాలి. అదీ బుడమేరు వెడల్పు కంటే ముందు, లేదా కనీసం దానితో పాటు.

మీ విలేకరులకు ఒక విన్నపం. ఈసారి బుడమేరు పనుల మీద ప్రెస్‌మీట్ పెట్టినప్పుడు మంత్రిగారినో ఇంజనీర్లనో రెండు ప్రశ్నలు అడగండి. పెంచిన కాలువలో వచ్చే అదనపు నీటికి కొల్లేట్లో మట్టం ఎంత పెరుగుతుందని లెక్క వేశారా? వేస్తే, ఆ లెక్క మా పంచాయతీల్లో ఎప్పుడు పెడతారు?

– ఒక పాఠకుడు, మండవల్లి మండలం