వాటర్ రిపోర్టులో టెంపరేచర్ ఏదండీ?

సంపాదకులు గారికి నమస్కారం.

నేను భీమవరంలో ఇంటర్ పిల్లలకి కెమిస్ట్రీ చెప్తాను, మా బావకి వనామి రొయ్యల చెరువు ఉంది, ఈ రెండూ కలిసిన చోట వచ్చిన గొడవ ఇది. పోయిన వేసవిలో బావ పొద్దున ఆరింటికి గట్టు మీద నిలబడి బాటిల్ నింపి ల్యాబ్‌లో ఇచ్చొచ్చాడు, రిపోర్టులో అమ్మోనియా 1 పీపీఎం అని వేసి పక్కన పెన్నుతో ‘పర్లేదు’ అని రాసిచ్చారు. మధ్యాహ్నం మూడింటికి చూస్తే చెక్ ట్రేలో, అంటే రొయ్యలు తింటున్నాయో లేదో చూసే పళ్లెంలో, వేసిన మేత వేసినట్టే ఉంది. ల్యాబ్ వాళ్లు తప్పు రాశారా అంటే రాయలేదండీ, ఆ 1 పీపీఎం నిజమే, కానీ అది మొత్తం అమ్మోనియా.

నీళ్లలో అమ్మోనియా రెండు రూపాల్లో ఉంటుంది, ఒకటి అమ్మోనియం అయాన్, దాంతో పెద్ద ఇబ్బంది లేదు, రెండోది ఫ్రీ అమ్మోనియా, మొప్పల్లోంచి లోపలికి దూరిపోయి రొయ్యని చంపేది ఇదే. ఈ రెండిటి మధ్య సమతాస్థితి ఉంటుంది, అయాన్ విడిపోయి ఫ్రీ అమ్మోనియాగా మారేది వేడిని పీల్చుకునే చర్య, అందుకే నీళ్లు వేడెక్కేకొద్దీ స్థిరాంకం, అంటే ఫ్రీ అమ్మోనియా వైపు ఎంత మొగ్గుతుందో చెప్పే అంకె, పెరుగుతుంది. స్థిరాంకం అంటే మారనిది అని పేరే గానీ, టెంపరేచర్ మారితే అదీ మారాల్సిందే. 25 డిగ్రీల నుంచి 35కి వెళ్తే ఈ స్థిరాంకం దాదాపు రెట్టింపు అవుతుంది! పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే కొలత) 8 దగ్గర 25 డిగ్రీల్లో మొత్తంలో సుమారు 5 శాతం ఫ్రీ అమ్మోనియా అయితే, 35 డిగ్రీల్లో 10 శాతం. ఉప్పు నీళ్లలో కొంచెం తక్కువ ఉంటుంది, తీరు మాత్రం అదే.

నిజం చెప్పాలంటే టెంపరేచర్ కంటే పీహెచ్‌ది పెద్ద దెబ్బ, అది పెరిగినా ఫ్రీ అమ్మోనియా పెరుగుతుంది. ఎండకి ప్లాంక్టన్, అంటే నీళ్లలో తేలే సూక్ష్మ నాచు, కార్బన్ డయాక్సైడ్ లాగేసుకుంటుంది కాబట్టి మధ్యాహ్నానికి పీహెచ్ ఎక్కుతుంది, సరిగ్గా అప్పుడే నీళ్లు కూడా కాగుతాయి. పొద్దున 28 డిగ్రీలు, పీహెచ్ 7.8 ఉన్నప్పుడు ఫ్రీ అమ్మోనియా 4 శాతం అనుకోండి, మధ్యాహ్నం 32 డిగ్రీలు, 8.6 అయ్యేసరికి 27 శాతం దాకా పోతుంది. అదే చెరువు, అదే 1 పీపీఎం, విషం ఆరు రెట్లు. మనవాళ్లేమో ఆక్సిజన్ భయంతో తెల్లారగట్ల శాంపిల్ తీసే అలవాటు, ఆక్సిజన్‌కి అది కరెక్టే, అమ్మోనియాకి మాత్రం అది రోజు మొత్తంలో చల్లని టైము.

ఈ మాట క్లాసులో చెప్తే చెరువులున్న ఇంటి కుర్రాడే లేచి "టెంపరేచర్ పెరిగితే అమ్మోనియా తగ్గుద్ది కదా సార్, హేబర్ పద్ధతిలో" అన్నాడు. వాడి తప్పు లేదు, నైట్రోజన్, హైడ్రోజన్ కలిసి అమ్మోనియా అయ్యేది వేడిని వదిలే చర్య, అక్కడ టెంపరేచర్ పెంచితే స్థిరాంకం తగ్గుతుంది, చెరువులో చర్య వేరు కాబట్టి ఉల్టా. మేం నాలుగు మార్కుల కోసం హేబర్ ఒక్కటే బట్టీ పట్టిస్తాం, టెంపరేచర్‌తో స్థిరాంకం ఎలా మారుతుందో సూత్రం చెప్పిన వాంట్ హాఫ్ పేరు చెప్తాం, 1901లో కెమిస్ట్రీకి మొదటి నోబెల్ ఆయనదే అని కూడా చెప్తాం, వాళ్ల నాన్న చెరువు సంగతి చెప్పం.

మత్స్య శాఖ వారిని అడిగేది చిన్న పని. ప్రతి ల్యాబ్ రిపోర్టులో శాంపిల్ తీసిన టైము, చెరువు దగ్గరే కొలిచిన టెంపరేచర్, పీహెచ్ ఉండాలి, మొత్తం అమ్మోనియా కింద ఫ్రీ అమ్మోనియా లెక్క వేసి ఇంకో గడి పెట్టాలి. బాటిల్ ఏసీ గదిలోకి వెళ్లాక కొలిస్తే అది ఆ గది టెంపరేచర్ అవుతుంది గానీ చెరువుది కాదు. కొత్త మెషిన్లేం అక్కర్లేదు, రిపోర్ట్ వెనకాల ఒక టేబుల్ అచ్చేసినా చాలు, పదో క్లాసు చదివిన రైతు ఎవరైనా చూసుకోగలడు.

బావ ఇప్పుడు మూడింటికి రెండో బాటిల్ కూడా పట్టుకెళ్తున్నాడు, కౌంటర్ దగ్గర అబ్బాయి మాత్రం "పొద్దున్నే ఇచ్చారుగా, మళ్లీ ఎందుకండీ" అని రోజూ అడుగుతూనే ఉన్నాడు.

ఇట్లు,
ఒక కెమిస్ట్రీ లెక్చరర్, భీమవరం